పంపింది పంపినట్టే

గుంటూరు నుంచి బెజవాడకు రైల్లో గంట.
దైవసహాయం ఎత్తు రావడానికి ఐదు రోజులు.
ఐదు దాటితే ఓటమి,
అదీ ఎదుటివాడు అడిగితేనే. అడక్కపోతే ఆట
గేటు దగ్గర ఆగిన గూడ్సు బండిలా అలాగే నిలబడుతుంది.

ఈ నియమాలన్నీ ఆయనవే.
కృష్ణా కెనాల్ జంక్షన్లో సిగ్నళ్లు చూసే మనిషి,
ఎర్రకీ పచ్చకీ మధ్య దొరికిన సందులో
ఒక్క వేలితో ఫోన్లో కొట్టి పంపాడు:

నిలువు వరసలకు అ ఆ ఇ ఈ ఉ ఊ ఎ ఏ.
ఋ ఎందుకు వదిలేశారని అడిగాను.
"దానికి బళ్లోనే పని లేదు, యుద్ధంలో ఏం పని?"

ఏడాదికి ముప్పై రోజులు సెలవు, ముందే చెప్పి పెట్టాలి.
నావి మిరపకాయల సీజన్లోనే కరిగిపోతాయి.
కోల్డ్ స్టోరేజీలో టిక్కీల లెక్క రాసే చేతికి
మార్చి నెలలో గుర్రం గుర్తుండదు, శకటు గుర్తుండదు,
తుమ్ములే గుర్తుంటాయి.

నువ్విలా వేస్తే నేనిలా, అని
ముందే రాసి పంపొచ్చు. వాటిని అయితేలు అంటాం.
ఒకసారి ఆరు అయితేలు పంపాను.
ఆయన ఏడోది వేశాడు.

మొదటి ఏడు చేరికలాట.
అందులో చంపిన బంటు చచ్చిపోదు,
చంపినవాడి తరఫున మళ్లీ దిగుతుంది
ఖాళీ గడి ఎక్కడుంటే అక్కడ.
కండువా మార్చినంత సేపు.
పొద్దున నా ఏనుగే, సాయంత్రానికి నా రాజు మీదకి.

ఆ ఏనుగు పోయిన తీరు చెప్పాలి.
ఏ నాలుగు అని కొట్టబోయి
ఎ నాలుగు అని కొట్టాను. ఒక్క దీర్ఘం.
బతిమాలాను.
"పంపింది పంపినట్టే," అన్నాడు,
"పట్టాలు మారాక బండి వెనక్కి రాదు."

తర్వాత చీకటాట.
నీ పావులు చేరగల గడులే నీకు కనిపిస్తాయి,
మిగతాదంతా నలుపు.
ఇద్దరి బల్లలూ చూసే మూడో మనిషి ఒకరుండాలి.
మంగళగిరిలో జరీనా టీచర్ ఒప్పుకుంది.
మా రహస్యాలన్నీ ఆమె దగ్గరే,
మాట్లాడే హక్కు మాత్రం లేదు.
"ముప్పై ఏళ్లు పరీక్ష హాల్లో కాపలా కాశాను,
జవాబు తెలిసీ నోరు మూసుకోవడం నాకు కొత్తా?"

బుడమేరు పొంగిన వారం
సింగ్ నగర్ నుంచి ఎత్తు రాలేదు.
ఆరో రోజు. ఏడో రోజు.
గెలుపు నా బొటనవేలి కింద ఉంది.
టీవీలో పడవలు, పాల ప్యాకెట్ల కోసం మేడల మీంచి చాచిన చేతులు,
ఆ చేతుల్లో ఒక చెయ్యి వెతికాను.
ఎలా గుర్తుపడతాను?
నాలుగేళ్లుగా ఆయన గుర్రాలు తెలుసు గానీ
మొహం తెలీదు.

ఎనిమిదో రాత్రి జరీనా టీచరే రాసింది:
"గడువు సంగతి నువ్వడిగితేనే నేను చూస్తాను."
అడగలేదు.

పదకొండో రోజు, ఆ నలుపులో
నా ఏనుగు చూపు పడే దారిలో
ఆయన మంత్రి. ఎ నాలుగులో.
కాపలా లేకుండా,
వీధి దీపం కింద దారి తప్పి నిలబడ్డ మనిషిలా.

మతి ఉన్నవాడెవడూ అక్కడ పెట్టడు.
ఏ నాలుగు. కచ్చితంగా ఏ నాలుగే.
ఎవరి ఫోనో అయ్యుంటుంది, తడి చేతులు అయ్యుంటాయి,
దీర్ఘం ఎక్కడో నీళ్లలో జారిపోయుంటుంది.

కోల్డ్ స్టోరేజీ మోటార్లు తెల్లార్లూ మోగాయి.
కనికరం గురించి ఏమైనా రాశాడేమోనని
పాత మెసేజీలన్నీ పైదాకా జరిపి చూశాను.
లేదు.
వదిలేస్తే ఆయనకు తెలిసిపోతుంది.
తెలిస్తే ఇంకెప్పుడూ నాతో ఆడడు.

కొట్టాను.

ఆ సాయంత్రమే వచ్చింది జాబు:
"బల్ల కొట్టుకుపోయింది. పావులు తొమ్మిది దొరికాయి,
మిగతావాటికి సీసా మూతలు పెట్టాను.
వదిలేస్తావేమోనని భయపడ్డానయ్యా.
కొత్త నియమం రాసుకో:
ఇంట్లోకి నీళ్లొస్తే గడియారం ఆగాలి.
నీ మిరపకాయలకు మాత్రం ఆగదు.
బంటు జరిపాను. ఇక నీ ఎత్తు."